వయసు మరుపు వేరు, జబ్బు మరుపు వేరు

ఇద్దరు పెద్దవాళ్లను ఉదాహరణగా తీసుకుందాం. హైదరాబాద్ నల్లకుంటలో ఉండే 68 ఏళ్ల రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగికి పొద్దున సుందరయ్య పార్కులో పాత సహోద్యోగి ఎదురయ్యారు. కాసేపు నిలబడి మాట్లాడుకున్నారు. అవతలాయన ఏ బ్రాంచిలో పనిచేశారో, వాళ్లమ్మాయి పెళ్లి ఎక్కడ జరిగిందో అన్నీ గుర్తున్నాయి. పేరు మాత్రం రాలేదు. మధ్యాహ్నం భోంచేస్తుంటే టక్కున గుర్తొచ్చింది. అప్పటికే ఈయన ఫోన్‌లో అల్జీమర్స్ గురించి వరసగా వీడియోలు చూసేశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండో ఆవిడది కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ, 71 ఏళ్లు. నలభై ఏళ్లుగా చేయి తిరిగిన పులుసులో ఈమధ్య ఒకరోజు ఉప్పు రెండుసార్లు పడుతోంది, ఇంకోరోజు చింతపండే పడటం లేదు. "అబ్బాయి ఎప్పుడొస్తాడు?" అని గంటలో నాలుగుసార్లు అడుగుతారు. అడిగిన సంగతే గుర్తుండదు. ఏమైందమ్మా అంటే "నాకేం, బాగానే ఉన్నాను" అంటారు. ఇంట్లోవాళ్లు "వయసైపోయింది కదా, చాదస్తం" అనుకుని సర్దుకుపోతున్నారు.

మొదటి ఇంట్లో భయం ఉంది, రెండో ఇంట్లో లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది రెండో ఇంటివాళ్లు. వయసుతో సహజంగా వచ్చే మందగింపును చూసి హడలిపోవడం, నిజమైన జబ్బును వయసు ఖాతాలో వేసి వదిలేయడం, ఈ రెండూ మన ఇళ్లలో పక్కపక్కనే జరుగుతున్నాయి. మొదటిదానివల్ల నిద్ర చెడుతుంది. రెండోదానివల్ల బాగుచేయగలిగిన మనిషిని కూడా చేతులారా పోగొట్టుకుంటాం. రెంటికీ తేడా తెలియాలంటే వయసు మెదడును ఏం చేస్తుందో, ఏం చేయదో ముందు తెలియాలి.

జ్ఞాపకాల్లో రకాలు

జ్ఞాపకశక్తి అని ఒకే మాటలో చెప్పేస్తాం గానీ, మెదడులో అది ఒకే చోట, ఒకే పద్ధతిలో ఉండదు. ఈ సంగతి వైద్యులకు స్పష్టంగా తెలిసింది ఒక మనిషి పడ్డ కష్టం వల్ల. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛలు ఎంతకీ తగ్గడం లేదని 1953లో విలియం స్కోవిల్ అనే సర్జన్ ఆపరేషన్ చేశారు. మెదడుకి రెండువైపులా లోపల ఉండే హిప్పోక్యాంపస్‌లో చాలాభాగాన్ని, దాని చుట్టుపక్కల కణజాలాన్ని తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ తర్వాత జరిగిన సంగతులేవీ ఆయనకు నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఆయన్ని పరీక్షించారు. ఆయనకు మాత్రం ఆవిడ ప్రతిసారీ కొత్త మనిషే.

ఆశ్చర్యం ఏమిటంటే, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయమంటే ఆయన చెయ్యి రోజురోజుకీ మెరుగుపడింది. నిన్న గీసిన సంగతి ఆయనకు తెలియదు, చేతికి మాత్రం తెలుసు. దాంతో జ్ఞాపకాలు ఒక జాతివి కావని తేలింది. నిన్న ఎక్కడికి వెళ్లాం, ఎవరితో మాట్లాడాం అనే సంఘటనల జ్ఞాపకం ఒకటి. మాటలు, అర్థాలు, లోకజ్ఞానం ఇంకొకటి. ముగ్గు వేయడం, సైకిల్ తొక్కడం లాంటి చేతికి పట్టుబడిన విద్య మరొకటి. ఫోన్ నంబరు విని డయల్ చేసేదాకా మనసులో పట్టుకునే తాత్కాలిక జ్ఞాపకం వేరే. కొత్త సంఘటనలను భద్రం చేయడానికి హిప్పోక్యాంపస్ తప్పనిసరి. చేతి విద్యకు దాని అవసరం లేదు.

వయసు వీటన్నిటినీ ఒకేలా తాకదు. చేతి విద్య చివరిదాకా దాదాపు చెక్కుచెదరదు. మాటల సంపద, లోకజ్ఞానం 60ల్లో కూడా పెరుగుతూనే ఉండొచ్చు. వార్నర్ షాయ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలుపెట్టిన అధ్యయనం దశాబ్దాల పాటు వేలమందిని వెంట నడిచి చూసింది. 60 ఏళ్లలోపు చాలా సామర్థ్యాలు పెద్దగా తగ్గవని, ముందుగా తగ్గేది వేగమని తేల్చింది. లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్న తాతగారు మనవడికన్నా నిదానంగా చేస్తారు. టైమ్ పెట్టకపోతే చాలాసార్లు జవాబు సరిగ్గానే చెబుతారు.

లోపల మారేదేమిటి

మెదడు బరువు కిలోన్నర కూడా ఉండదు, సుమారు 1.3 నుంచి 1.4 కిలోలు. శరీరం బరువులో రెండు శాతమే అయినా మనం ఖర్చుచేసే శక్తిలో 20 శాతం దానికే పోతుంది. అందులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటాయి. వయసు మీదపడితే రోజూ వేలకొద్దీ న్యూరాన్లు చచ్చిపోతాయని ఒకప్పుడు గట్టిగా నమ్మేవాళ్లు. లెక్కించే పద్ధతులు మెరుగయ్యాక, ఆరోగ్యంగా ముసలితనానికి చేరిన మెదడులో కణాల నష్టం అనుకున్నంత ఉండదని తెలిసింది. తగ్గేవి ఎక్కువగా కణాల మధ్య అతుకులు. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి సంకేతాలు మోసే నరాల తంతువులకు పైన కొవ్వుపొర ఉంటుంది, అది అక్కడక్కడా అరిగిపోతుంది. సంకేతం చేరుతుంది గానీ ఆలస్యంగా చేరుతుంది. పెద్ద వయసులో హిప్పోక్యాంపస్ కూడా ఏడాదికి ఒకటి రెండు శాతం చొప్పున కుంచించుకుపోతుంది. నుదుటి వెనక ఉండే ముందుభాగం కూడా సన్నబడుతుంది.

ఈ ముందుభాగం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రోజువారీ మరుపులో పెద్ద వాటా దీనిదే. అష్టావధానం చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. అవధాని సమస్య పూరిస్తూ, దత్తపదికి పద్యం కడుతూ, నిషిద్ధాక్షరిని దాటుకుంటూ వెళ్తుంటే, అప్రస్తుత ప్రసంగి మధ్యలో అడ్డుతగిలి ఏవేవో అడుగుతుంటాడు. ఆ పక్కన ఎవరో గంట కొడుతుంటారు, ఎన్ని కొట్టారో చివర్లో చెప్పాలి. అక్కడ పరీక్షకు నిలిచేది ధారణ ఒక్కటే కాదు. వద్దనుకున్నదాన్ని మనసులోకి రానీయకుండా ఆపే శక్తి కూడా. మెదడు ముందుభాగం చేసే పని అది. వయసుతో ఈ ఆపే శక్తి సడలుతుందని లిన్ హాషర్, రోజ్ జాక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1988లో ప్రతిపాదించారు, తర్వాత వచ్చిన చాలా ప్రయోగాలు దానికి తోడయ్యాయి.

అందుకే టీవీ మోగుతుంటే, కుక్కర్ కూతపెడుతుంటే, పైన ఫోన్ వస్తే, మాత్ర వేసుకున్నామా లేదా అన్నది పెద్దవాళ్ల మనసులో నమోదే కాదు. నమోదు కానిది తర్వాత ఎంత వెతికినా దొరకదు. గదిలోకి వెళ్లి "ఎందుకొచ్చానబ్బా" అని నిలబడిపోవడం కూడా ఇలాంటిదే, దారిలో ఇంకో ఆలోచన చొరబడింది. అమ్మకు ఏదైనా ముఖ్యమైన సంగతి చెప్పాలంటే టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, ఒక్కటే చెప్పి చూడండి. చాలా ఇళ్లలో సగం మరుపు అక్కడే తగ్గిపోతుంది.

పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోవడానికి కారణం వేరు. మనిషి గురించి తెలిసిన సంగతులన్నీ ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి. బ్యాంకు అంటే బ్రాంచి, బ్రాంచి అంటే పక్క సీటు, పక్క సీటు అంటే వాళ్ల టిఫిన్ డబ్బా. పేరుకి మాత్రం వీటిలో దేనితోనూ సహజమైన లంకె లేదు, ఒకే ఒక్క సన్నటి దారం. వయసుతో ఆ దారాలు బలహీనపడతాయని డెబొరా బర్క్, డొనాల్డ్ మెకే 1991లో వివరించారు. పేరు చెరిగిపోలేదు, అందడానికి టైమ్ పడుతోందంతే. నల్లకుంట పెద్దాయనకు జరిగింది ఇదే.

దీన్నుంచి ఇంట్లో పనికొచ్చే తేడా ఒకటి బయటపడుతుంది. "మొన్న బోనాలకి మనింటికి ఎవరొచ్చారమ్మా?" అని అడిగితే వెంటనే గుర్తురాకపోవచ్చు. "అదేనే, నీకు గాజులు తెచ్చింది" అని కొస అందిస్తే "ఆ, మా చిన్నాడబిడ్డ కూతురు" అని అల్లుకుపోతే, జ్ఞాపకం లోపల భద్రంగా ఉన్నట్టే. కొస అందించినా, ఫొటో చూపించినా, "బోనాలా? ఎవరూ రాలేదే" అంటే, అది మళ్లీ మళ్లీ జరుగుతుంటే, ఆ సంఘటన లోపలికి చేరనే లేదని అనుమానించాలి. అల్జీమర్స్ మొదట దెబ్బతీసేది సాధారణంగా ఆ భద్రం చేసే చోటునే. ఇంట్లో చేసే ఈ ఒక్క ప్రశ్నతో జబ్బు ఉందో లేదో తేలిపోదు. డాక్టరుకి చెప్పడానికి మాత్రం ఇది మంచి ఆనవాలు.

ఇక్కడే ఇంకో మాట తరచుగా వినబడుతుంది. "మా నాన్నగారికి 1969 ఉద్యమంలో ఏ రోజు ఎక్కడ లాఠీచార్జి అయిందో కూడా గుర్తుంది, సికింద్రాబాద్ డబుల్ డెక్కర్ బస్సు సంగతులు గంటలకొద్దీ చెబుతారు, ఆయనకు జ్ఞాపకశక్తి జబ్బేమిటి?" అని. ఈ ధీమా ప్రమాదకరం. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల వయసు మధ్య జరిగినవి అందరికీ బలంగా నాటుకుంటాయి. పైగా ఇప్పటికి ఎన్నోసార్లు చెప్పుకుని చెప్పుకుని గట్టిపడ్డాయి. జబ్బు కొత్త జ్ఞాపకాలను ముందు, పాతవాటిని ఆఖరున తీసుకుపోతుందని ఫ్రాన్స్‌కు చెందిన తియోడ్యూల్ రిబో 1881లోనే రాశాడు. కాబట్టి 1969 గుర్తుందా అని చూస్తే లాభం లేదు. పొద్దున ఏం టిఫిన్ తిన్నారు, నిన్న ఎవరు ఫోన్ చేశారు, ఈ నెల కరెంటు బిల్లు కట్టారా అన్నది చూడాలి.

జబ్బు ఎప్పుడు అనుకోవాలి

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రికి ఔగుస్టా డెటర్ అనే 51 ఏళ్ల మహిళను తీసుకొచ్చారు. భర్తను అనుమానించడం, వస్తువులు ఎక్కడో దాచి మర్చిపోవడం, ఇంట్లోనే దారి తప్పడం ఆమె లక్షణాలు. ఆమెను చూసిన డాక్టరు అలాయిస్ అల్జీమర్. ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, కణాల బయట పేరుకున్న మచ్చలు, కణాల లోపల మెలితిరిగిన పోగులు చూశాడు. 1906లో ఆ సంగతి వైద్యుల సభలో చెప్పాడు. ఆ మచ్చలు అమిలాయిడ్ అనే ప్రొటీన్‌వి, పోగులు టావ్ అనే ప్రొటీన్‌వి అని తర్వాత తెలిసింది. లక్షణాలు బయటపడటానికి 15, 20 ఏళ్ల ముందు నుంచే అమిలాయిడ్ పేరుకోవడం మొదలవుతుంది. 70లో కనిపించే జబ్బు 50ల్లో మొదలై ఉంటుందన్నమాట.

డిమెన్షియా అనేది గొడుగు పేరు. జ్ఞాపకం, ఆలోచన, మాట, నడవడి దెబ్బతిని రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితి వస్తే దాన్ని అలా పిలుస్తారు. అందులో 60 నుంచి 70 శాతం అల్జీమర్స్. మెదడు రక్తనాళాలు మూసుకుపోవడంవల్ల వచ్చే రకం కూడా ఎక్కువే. షుగరు, బీపీ ఇంతగా ఉన్న మన ఊళ్లో దాన్ని తక్కువ అంచనా వేయకూడదు. మనదేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురించిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది, నిజమే. అయినా 80 దాటినవాళ్లలో కూడా ఎక్కువమందికి అది లేదు. ముసలితనం వస్తే మతి పోవడం సహజమే అనే మాట తప్పు.

పేరు మర్చిపోవడం, కళ్లజోడు ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం వయసువి. కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టి, ఎవరో దొంగిలించారని పనమ్మాయిని అనుమానించడం వయసుది కాదు. అమీర్‌పేటలో కొత్త ఫ్లైఓవర్ దిగాక ఎటు వెళ్లాలో తికమకపడటం ఎవరికైనా జరుగుతుంది. ముప్పై ఏళ్లుగా ఉన్న గల్లీలో సొంతింటికి దారి తెలియకపోవడం జబ్బు లక్షణం. బ్యాంకు పనులు, వంట, లెక్కలు, మందులు వేళకు వేసుకోవడం లాంటి అలవాటైన పనులు ఏడాది, రెండేళ్లలో కొంచెం కొంచెంగా చేజారుతుంటే తప్పకుండా చూపించాలి. ఇంకొకటి కూడా గమనించండి. తన మరుపు గురించి తానే బెంగపడి, ఎప్పుడెప్పుడు మర్చిపోయారో వివరంగా చెప్పే మనిషికన్నా, తనకేమీ లేదంటూ ఇంట్లోవాళ్లు మాత్రం ఆందోళనపడే మనిషికే ముప్పు ఎక్కువ.

మరుపు నెమ్మదిగా వస్తే ఒక లెక్క, హఠాత్తుగా వస్తే ఇంకో లెక్క. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ పొద్దున ఎక్కడున్నారో తెలియకుండా మాట్లాడుతుంటే అది డిమెన్షియా కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మే నెల ఎండల్లో నీరు తగ్గిపోవడం, సోడియం పడిపోవడం, పక్షవాతం, కొత్తగా మొదలుపెట్టిన మందు ఇలా ఏదైనా కావచ్చు. రేపు చూద్దాంలే అనకుండా అప్పటికప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

వయసు కదా అని వదిలేస్తే పోయేవి

మతిమరుపుగా కనిపించే వాటిలో కొన్ని రక్తపరీక్షతో బయటపడతాయి, చవకైన మందులతో మెరుగవుతాయి. ఈ వ్యాసంలో ఒక్క పేరా గుర్తుంచుకుంటే చాలనుకుంటే, ఇదే గుర్తుంచుకోండి. బీ12 విటమిన్ లోపం మొదటిది. శాకాహారుల్లో ఇది మామూలు. షుగరుకి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో కూడా బీ12 తగ్గుతుంది. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, నడకలో తూలు, వీటితోపాటు మరుపు ఉంటే అనుమానించాలి. థైరాయిడ్ తగ్గినా మెదడు మందగిస్తుంది. భర్తో భార్యో పోయాక వచ్చే డిప్రెషన్ పెద్దవాళ్లలో ఏడుపు రూపంలో కన్నా మౌనంగా, మరుపుగా, దేనిమీదా ఆసక్తి లేకపోవడంగా కనిపిస్తుంది. బాత్రూమ్‌లో జారిపడి తలకి తగిలిన చిన్న దెబ్బే కొన్ని వారాల తర్వాత మెదడు మీద రక్తం గడ్డగా మారి మనిషిని మందకొడిగా చేయొచ్చు, దాన్ని ఆపరేషన్‌తో తీసేయగలరు.

మందుల సంగతి మరీ ముఖ్యం. జలుబుకి, దురదకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే పాతరకం అలర్జీ మాత్రలు, నిద్రమాత్రలు, మూత్రం ఆపుకోలేనందుకు ఇచ్చే కొన్ని మందులు మెదడులో ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనానికి అడ్డుపడటమో, మత్తు కలిగించడమో చేస్తాయి. జ్ఞాపకానికి ఆ రసాయనం అవసరం. కుర్రవాళ్లకు కాస్త నిద్రొచ్చి వదిలేస్తే, 75 ఏళ్ల మనిషికి రోజంతా తికమకగా ఉంటుంది. గుండెకి ఒక డాక్టరు, కీళ్లకి ఒకరు, ప్రొస్టేట్‌కి ఒకరు రాసిన మాత్రలన్నీ ఎవరూ ఒకచోట పెట్టి చూడరు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీలు మాత్రమే కాదు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. ఆయుర్వేదం, పొడులు, టానిక్కులు కూడా. అయితే మీ అంతట మీరు ఏ మందూ ఆపేయకండి, కొన్ని నిద్రమాత్రలు హఠాత్తుగా ఆపితే ప్రమాదం.

చెవుడు కూడా ఇక్కడే చెప్పాలి. వినబడని మాట గుర్తుండదు. ఆ పైన సగం సగం విన్నదాన్ని పూరించుకోవడానికే మెదడు శక్తంతా పోతుంది, క్రమంగా మనిషి నలుగురిలో కూర్చోవడం మానేస్తారు. 2023లో ప్రచురించిన ఒక పెద్ద ప్రయోగంలో పెద్దవాళ్లకు వినికిడి యంత్రాలు ఇచ్చి మూడేళ్లు చూశారు. అందరినీ కలిపి చూస్తే తేడా తేలలేదు. ముందే ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లలో మాత్రం ఆలోచనాశక్తి తగ్గే వేగం 48 శాతం తగ్గింది. కళ్లజోడు పెట్టుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు, చెవి మిషన్‌కి మాత్రం ఇంటిల్లిపాదీ వెనకాడతారు. ఇది మారాలి.

హైదరాబాద్ ప్రపంచానికి చెప్పిన సంగతి

2013లో నిమ్స్ ఆస్పత్రిలో పనిచేస్తున్న న్యూరాలజిస్టు డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. ప్రపంచమంతా దాన్ని చర్చించింది, మన ఊళ్లో మాత్రం చాలామందికి తెలియదు. నిమ్స్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. వాళ్లలో 391 మంది ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, వీళ్లకు 65.6 ఏళ్లకు మొదలైంది. నాలుగున్నరేళ్ల తేడా. ఏ మందూ ఇప్పటిదాకా అంత వాయిదా వేయలేకపోయింది.

ఇలాంటి మాటే 2007లో కెనడాలోని టొరంటో నుంచి ఎలెన్ బయలిస్టాక్ బృందం చెప్పింది. అయితే అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. తేడా భాషవల్ల వచ్చిందా, వలస జీవితంవల్ల వచ్చిందా, చదువువల్ల వచ్చిందా అన్నది విడదీయడం కష్టమైంది. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు ఇంట్లో తెలుగు, గల్లీలో దక్కనీ ఉర్దూ, ఆఫీసులో హిందీయో ఇంగ్లిషో మాట్లాడతారు. మోండా మార్కెట్‌లో కూరగాయలమ్మే ఆవిడ బడి మొహం చూసి ఉండకపోవచ్చు, అయినా ఒక్క బేరంలో మూడు భాషలు మారుస్తుంది. నిమ్స్ పరిశోధనలో చదువురాని వాళ్లలో కూడా రెండో భాష మేలు కనిపించింది. కాబట్టి అది చదువు ముసుగులో వచ్చిన ఫలితం కాదన్నది వాళ్ల వాదన. రెండు దాటి మూడు, నాలుగు భాషలు వస్తే అదనపు లాభం మాత్రం కనిపించలేదు.

2016లో అదే ఆస్పత్రి నుంచి 608 మంది పక్షవాతం రోగుల మీద ఇంకో అధ్యయనం వచ్చింది. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒకే భాషవాళ్లలో 19.6 శాతం.

ఎందుకిలా? తెలుగులో మాట్లాడుతున్నప్పుడు ఉర్దూ మాట నోట్లోకి రాకుండా ఆపాలి, ఎదుటి మనిషిని బట్టి క్షణంలో మారాలి. అవధానంలో చూసిన ఆ ఆపే శక్తికి రోజంతా సాధన అన్నమాట. దీంతో మెదడుకి ఒక నిల్వ ఏర్పడుతుందని శాస్త్రవేత్తలు అంటారు. పాతబస్తీ గల్లీలు తెలిసిన ఆటో డ్రైవరుకి మదీనా దగ్గర రోడ్డు మూసేసినా చార్మినార్ చేరడం ఆగదు. నిల్వ ఉన్న మెదడు కూడా ఒక దారి చెడితే ఇంకో దారిన పని నడిపిస్తుంది. జబ్బు లోపల ఉండొచ్చు, బయటపడటం ఆలస్యమవుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇవి ఆస్పత్రికి వచ్చిన రోగులను చూసి వేసిన లెక్కలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి వెంబడించి చూసిన అధ్యయనాలన్నీ ఈ మేలును ఒకే తీరుగా చూపించలేదు. రెండో భాష జబ్బును ఆపుతుందని ఎవరూ చెప్పలేరు, వాయిదా వేయొచ్చు అని మాత్రమే. అయినా నాకు దీన్నుంచి బలంగా అనిపించేది ఒకటుంది. గచ్చిబౌలి, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో పిల్లలతో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడే ఇళ్లు పెరుగుతున్నాయి. పిల్లలకు తెలుగు పోతుంది. ఊరి నుంచి వచ్చి పన్నెండో అంతస్తులో ఉంటున్న నాన్నమ్మకైతే పొద్దున్నుంచి రాత్రిదాకా మాట్లాడే మనిషే ఉండరు. ఒంటరితనం కూడా డిమెన్షియా ముప్పుల్లో ఒకటి. రెండు తరాలకీ ఒకేసారి జరుగుతున్న నష్టం ఇది.

చేతిలో ఉన్నవి

డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం మనం మార్చుకోగల 14 కారణాలతో ముడిపడి ఉన్నాయని లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పింది. చిన్నప్పటి చదువు లేమి, చెవుడు, చూపు లోపం, బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, ఊబకాయం, పొగ, మద్యం, తలకి దెబ్బలు, డిప్రెషన్, కదలిక లేకపోవడం, ఒంటరితనం, గాలి కాలుష్యం. ఈ పట్టికలో చాలామటుకు నడివయసు పనులు. 45 ఏళ్ల కొడుకు అమ్మ మరుపు గురించి ఆందోళనపడుతూ తన బీపీ మాత్ర మానేస్తే ఎలా? హెల్మెట్ కూడా మెదడు జబ్బు నివారణే.

నడక గురించి గట్టి రుజువు ఉంది. 2011లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 120 మంది పెద్దవాళ్లలో సగంమంది ఏడాదిపాటు వారానికి మూడుసార్లు చురుగ్గా నడిచారు, మిగతావాళ్లు ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేశారు. నడిచినవాళ్లకు హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది, రెండోవాళ్లకు తగ్గింది. కేబీఆర్ పార్కో, ఇందిరా పార్కో, అపార్ట్‌మెంట్ సెల్లారో, ఎక్కడైనా ఫరవాలేదు. తోడు మనిషి ఉంటే మాటలూ కలుస్తాయి. జ్ఞాపకశక్తి పెంచుతామని టీవీలో అమ్మే పొడులు, మాత్రలు డిమెన్షియాను ఆపుతాయని ఇంతవరకూ రుజువు కాలేదు. ఆ డబ్బు చెవి పరీక్షకి పెట్టండి.

పరీక్షలంటే భయపడక్కర్లేదు. ముందు మామూలు ఫిజీషియన్‌కి చూపించి బీ12, థైరాయిడ్, షుగరు, సోడియం చూపించుకోవచ్చు, ఆపైన న్యూరాలజిస్టు. కాగితం, పెన్నుతో చేసే జ్ఞాపకశక్తి పరీక్షలు తెలుగులో ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) రూపొందించిన పరీక్షల సముదాయం తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో ఉంది, చదువురాని వాళ్లకు కూడా సరిపోతుంది. మీ నాన్నకు తెలుగో ఉర్దూనో వస్తే ఇంగ్లిష్ పరీక్ష పెట్టనివ్వకండి, రానిది జబ్బుగా లెక్క తేలుతుంది. ఎప్పుడు మొదలైంది, ఏ పని చేజారింది అన్నది తేదీలతో రాసుకెళ్తే డాక్టరుకి స్కాన్ ఎంత ఉపయోగమో అదీ అంతే.

అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. 1996 నుంచి వాడుకలో ఉన్న డొనెపెజిల్ లక్షణాలను కొంతకాలం తేలిక చేస్తుంది. అమెరికాలో 2023లో లెకానెమాబ్, 2024లో డొనానెమాబ్ అనుమతి పొందాయి. అవి అమిలాయిడ్‌ను తొలగించి, తొలిదశలో ఉన్నవాళ్లలో క్షీణతను కొంత నెమ్మదింపజేస్తాయి, ఆపలేవు. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి పదే పదే స్కాన్లు తప్పవు.

జబ్బు అని తేలాక ఇంట్లో మొదట మార్చుకోవాల్సింది మాట తీరు. చుట్టాలు రాగానే "పెద్దమ్మా, నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెడతారు. ప్రేమతోనే అడుగుతారు, కానీ జవాబు రాక ఆవిడ అందరి ముందూ చిన్నబోతారు. దానికి బదులు దగ్గర కూర్చుని "పెద్దమ్మా, నేను మీ చెల్లెలి కొడుకుని, వరంగల్ నుంచి వచ్చాను" అని మనమే చెప్పేస్తే సరిపోతుంది. పోయిన భర్త గురించి "ఆయన ఇంకా రాలేదేం?" అని అడిగితే, ప్రతిసారీ చనిపోయారని గుర్తుచేస్తే ప్రతిసారీ ఆ దుఃఖం కొత్తగా తగులుతుంది. ఆయన గురించే రెండు మాటలు మాట్లాడించి ఇంకో పనిలోకి మళ్లించడం మేలు. బయటికి వెళ్లి తప్పిపోయే అలవాటు ఉంటే జేబులోనో, మెడ గొలుసులోనో ఇంటి ఫోన్ నంబరు ఉంచండి, గేటు దగ్గర వాచ్‌మన్‌కి, పక్కనున్న కిరాణా కొట్టువాళ్లకి విషయం దాచకుండా చెప్పండి. సాయం ఎవరిని అడగాలో తెలియకపోతే పెద్దవాళ్ల కోసం కేంద్రం నడిపించే ఎల్డర్ లైన్ 14567కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. చూసుకునే కోడలికో కూతురికో వారానికి ఒక పూటైనా సెలవు దొరికేలా మిగతా తోబుట్టువులు వంతులు వేసుకోవాలి. ఏళ్ల తరబడి సాగే పని అది, ఒక్క మనిషి మోయలేరు.